మూడో మెట్టు

లియోనోరా హాస్కెట్‌ని కిందటి వారం లారెల్ థియేటర్ వెనక గుమ్మంలో వదిలిపెట్టాం. చేతిలో టోపీ పెట్టె, మొహంలో ఆరు నెలలుగా పోగేసుకున్న ధీమా. పందొమ్మిదేళ్ళుగా బ్రాడ్‌వే నాటకశాలల్లో నాయికగా తప్ప రంగం మీద అడుగుపెట్టని మనిషి మొదటిసారి తల్లి వేషానికి ఒప్పుకుంది. పడమటి రాష్ట్రాల్లో ఊరూరా తిరిగే కంపెనీవాళ్ళు నాయిక వేషం ఇస్తాం రమ్మంటే రానని ఉత్తరం రాసేసింది. వయసు నలభై రెండు, పత్రికల్లో ముప్ఫై ఆరు. ఆ వయసులో ఇంత తెగింపు దేనికంటే ఒకే ఒక్క మాట కోసం. నాటకంలో ఆఖరి మాట కోసం.

ఆఖరి మాట అన్నవాళ్ళ మొహం మీదే తెర పడుతుంది. తెర మళ్ళీ లేచినప్పుడు జనం చప్పట్లు కొట్టేదీ ఆ మొహానికే. తల్లి వేషమైనా ఆ మాట తనదైతే నాటకం తనదే. అది పోయిందా, ఈ ఏడు తల్లి, పై ఏడు మేనత్త, ఆ పై ఏడు టీ పళ్ళెం తెచ్చే ముసలమ్మ. బ్రాడ్‌వేలో ఈ మెట్లు దిగినవాళ్ళే గాని మళ్ళీ ఎక్కినవాళ్ళను ఎవరూ చూడలేదు. ఆ సంగతి తెలిసే, ఏప్రిల్లో ఆమోస్ పెల్ ఆమెను భోజనానికి పిలిచి, ఆల్చిప్పల సూపు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, మెనూ కార్డు వెనక పెన్సిలుతో ఆ మాట రాసి ముందుకు తోశాడు. "దీపం ఆర్పకండి. ఇంకా ఒకరు రావాలి." ఇది నీదే, అన్నాడు. నాటకం ఆడించేవాడు అతనే, థియేటరూ అతనిదే. లియోనోరా నమ్మింది.

నాటకాలవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. రిహార్సళ్ళలో ఆఖరి మాట ఎవరూ పైకి అనరు. జనం లేకుండా నాటకం పూర్తయితే అది వారం తిరక్కుండా మూతపడుతుందట. లారెల్‌లో అయితే ఆ మాటను ఎవరి కాగితాల్లోనూ రాయనైనా రాయరు. అసలే ఎవరి కాగితాల్లో వాళ్ళ మాటలే ఉంటాయి, పక్కవాళ్ళవి ఉండవు. మొదటి ఆట రోజు సాయంత్రం నాలుగింటికి నటులు మాట మరిచిపోతే పక్కనుంచి అందించే ప్రాంప్టర్ బిగ్స్ ఆ మాటను చీటీ మీద రాసి, ఎవరిదో వాళ్ళ గదికి తనే మోసుకెళ్ళి ఇస్తాడు. అందుకే నాలుగు వారాల రిహార్సళ్ళూ ఒకచోటికొచ్చి ఆగిపోయేవి. కూతురు వేషం కట్టిన కోరా లిండ్ దీపం తెచ్చి కిటికీలో పెడుతుంది. తల్లి మేడమెట్లు ఎక్కుతుంది. మూడో మెట్టు మీదికి రాగానే ఆమోస్ చప్పట్లు చరిచి "చాలు, మిగతాది సోమవారం" అనేవాడు. మూడో మెట్టు మీద వెనక్కి తిరిగి ఆ మాట ఎలా అనాలో లియోనోరా ఇంట్లో అద్దం ముందు వంద రకాలుగా చూసుకుంది.

ఇవాళ సోమవారం. నాలుగున్నర అయింది. చీటీ రాలేదు.

"బిగ్స్ ఏ మూలో కునుకు తీస్తుంటాడు," అంది బ్రైడీ, జుట్టు వంకులు తిప్పే ఇనప కడ్డీని గ్యాసు మంట మీద పెడుతూ. ఐర్లండ్ నుంచి పదహారేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చి, అప్పటినుంచీ నటీమణులకు దుస్తులు తొడుగుతూనే అరవైకి దగ్గరపడిన మనిషి. "కూర్చో తల్లీ. నడిచి నడిచి ఆ తివాచీకి చిల్లు పెడతావు."

"బిగ్స్ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా ఆలస్యం చేశాడా?"

బ్రైడీ కడ్డీని చూస్తూ ఉండిపోయింది. మామూలుగా ఆమె నోరు మూతపడదు.

లియోనోరా తనే బయల్దేరింది. నడవలో మూడు గదులు దాటాక కోరా గది. తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. అద్దం అంచులో ఒక ముసలావిడ ఫోటో, దాని కింద గుచ్చిన చీటీ. బిగ్స్ రాత ఎడమవైపుకు వాలి ఉంటుంది, ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. గుమ్మంలోంచే చదివింది. దీపం ఆర్పకండి. ఇంకా ఒకరు రావాలి.

ఆమె అరవలేదు, ఏడవలేదు. గౌనుకుచ్చెళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, మెట్లు దిగి, రంగం దాటి, ఖాళీ హాల్లోకి వెళ్ళింది. ఆమోస్ అయిదో వరసలో ఒక్కడే కూర్చుని పంది మాంసం పెట్టిన రొట్టె తింటున్నాడు. మీసాలకు ఆవపిండి ముద్ద అంటుకుని ఉంది.

"చీటీ తప్పు గదికి వెళ్ళింది," అంది లియోనోరా.

ఆమోస్ నమలడం ఆపలేదు. "కూర్చో."

"నిలబడే వింటాను."

"తప్పు గదికేం వెళ్ళలేదు. మనం ముందుగా బయటి ఊళ్ళో ఆడించి చూసుకోలేదు కదా, నేను నిన్నటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. చూడు లియోనోరా, ఆ మాట తల్లి అందనుకో, జనం ఏడుస్తూ ఇంటికి పోతారు. కూతురు అందనుకో, ఏడుస్తారు, మళ్ళీ వస్తారు. ఆ పిల్ల మొహంలో ఇంకా రావాల్సినవాళ్ళు ఉన్నారు. నీ మొహంలో..." అతను రొట్టెముక్క వంక చూసుకున్నాడు. "నీ మొహంలో రావాల్సినవాళ్ళంతా వచ్చి వెళ్ళిపోయారు."

"మరి నేను మూడో మెట్టు మీద ఆగి ఏం చేస్తాను?"

"ఆగవు. ఎక్కుతూ పోతావు. మేడ మీద గుమ్మంలోకి వెళ్ళిపోతావు. రిహార్సల్లో మాట అనకూడదు గనక అక్కడ ఆపాం, అంతే. నువ్వు ఆగాలని నేనెప్పుడన్నాను?"

లియోనోరా గుర్తు చేసుకుంది. నిజమే, ఆగమని ఎప్పుడూ అనలేదు. చాలు అన్నాడు. అందరూ ఆ చాలు దగ్గరే ఆగారు. ఎవరికి కావలసిన ముగింపు వాళ్ళు మనసులో ఊహించుకున్నారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, నిన్న మొన్న ఊరినుంచి వచ్చిన పిల్లలా మోసపోయింది.

"ఏప్రిల్లో ఈ తెలివంతా ఎక్కడికి పోయింది, ఆమోస్?"

"ఏప్రిల్లో నువ్వు కావాలి. ఇప్పుడు నువ్వున్నావు."

ఇంత పచ్చిగా మాట్లాడతాడని ఆమె అనుకోలేదు. "ఆ మెనూ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది."

"దాచుకో. సూపు బాగుంది ఆ రోజు."

"నేను ఇప్పుడే వెళ్ళిపోతే?"

"వెళ్ళు. ఎనిమిదిన్నరకు నీ బదులు ఎవరో ఒకర్ని ఆ గౌన్లోకి తోస్తాను. రేపు పొద్దున పత్రికలవాళ్ళు నాటకం గురించి నాలుగు ముక్కలు రాస్తారు, నీ గురించి నలభై. తల్లి వేషం చూసుకుని తనకే భయమేసి పారిపోయిందని రాస్తారు. పడమటి కంపెనీవాళ్ళు నీ జాగా ఎప్పుడో నింపేశారు. కనుక్కున్నాను."

కనుక్కున్నాడట. అంటే నిన్నటిదాకా ఆలోచించాననడం కూడా అబద్ధమే. ఆ వేషం నిండేదాకా ఆగి, అప్పుడు ఈ చీటీ రాయించాడు.

"నువ్వు మనిషివి కావు," అంది ఆమె, గొంతు పెంచకుండా.

"కాకపోవచ్చు. కానీ ఒక సంగతి చెప్పు. పందొమ్మిదేళ్ళ కిందట అగాథా ఫారో దగ్గర్నుంచి ఇలాగే ఆఖరి మాట లాగి నీకిచ్చింది ఎవరు? నేనే. అప్పుడు నేను మనిషినేనా? నువ్వు అడ్డు చెప్పినట్టు నాకు గుర్తులేదు."

ఆమోస్ రుమాలు తీసి మీసాలు తుడుచుకున్నాడు. లియోనోరా వెనుదిరిగింది.

ఈసారి కోరా గదిలోనే ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల, పలచటి మెడ, మోకాళ్ళ మీద మేజోడు పెట్టుకుని చిరుగు కుట్టుకుంటోంది. లియోనోరాను చూసి సూది గుచ్చుకునేంత వేగంగా లేచింది. ఈ పిల్లకు గొంతు ఎక్కడ తగ్గించాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నెల రోజులుగా నేర్పింది లియోనోరాయే.

"మిస్ హాస్కెట్, నాకు చీటీ వచ్చేదాకా తెలీదు. ఒట్టు. నేను అడగలేదండీ."

నేను అడగలేదండీ. సరిగ్గా ఈ మాటే, ఈ గొంతుతోనే, ఒకప్పుడు తను మిసెస్ ఫారోతో అంది. అందుకే ఇంకా కోపం వచ్చింది. జాలి పడాల్సినచోట కోపం రావడం మనుషులకు కొత్త కాదు, లియోనోరా దేవత కాదు.

ఆమె అద్దం దగ్గరికి వెళ్ళి చీటీ తీసింది. తలెత్తి, చివరి వరసదాకా వినబడే గొంతుతో, నిదానంగా చదివింది. "దీపం ఆర్పకండి. ఇంకా ఒకరు రావాలి."

కోరా రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏ మాటైనా అంత బాగా అనడం ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. కాని ఆమె మొహం పాలిపోయింది అందుకు కాదు.

"ఎందుకన్నారండీ? ఇంకా తెర ఎత్తలేదు కదా?"

"నోరు జారింది."

"బయటికి వెళ్ళండి. దయచేసి. బయటికి వెళ్ళి మూడుసార్లు గిర్రున తిరిగి తలుపు తట్టండి. నేను రమ్మంటాను. అప్పుడు ఆ దోషం పోతుంది. మా ఊళ్ళో కంపెనీవాళ్ళు కూడా అలాగే చేస్తారు. మీకు నవ్వొచ్చినా సరే, తట్టండి."

అది ఆ పిల్ల సొంత పిచ్చి కాదు. నాటకశాలలో అందరూ చేసేదే. ఈలవేసినా, అనకూడని మాట అన్నా, బయటికెళ్ళి మూడుసార్లు తిరిగి తలుపు తట్టి రావాలి. లియోనోరా కూడా ఎన్నోసార్లు చేసింది.

చీటీ బల్ల మీద పెట్టింది. బయటికి వచ్చింది. తలుపు మూసింది. లోపల కోరా తలుపుకు దగ్గరగా జరిగి నిలబడిన అలికిడి వినబడింది, ఊపిరి కూడా బిగబట్టిందేమో.

లియోనోరా తట్టలేదు. నడవలో తన గదికి నడిచి వెళ్ళిపోయింది.

ఎనిమిది కావస్తుండగా బ్రైడీ వేషం వేయడం మొదలుపెట్టింది. బూడిదరంగు గౌను తెచ్చి తల మీంచి తొడిగింది, వెనక తాళ్ళు బిగించసాగింది. ఈ గౌను లియోనోరా సొంతంగా కుట్టించుకున్నదే. మెట్ల మీద వెనక్కి తిరిగినప్పుడు కుచ్చెళ్ళు అందంగా పడేట్టు దర్జీని వారం రోజులు వేపుకు తింది.

"నీకు ముందే తెలుసు," అంది లియోనోరా.

"బిగ్స్ మధ్యాహ్నం చెప్పాడు. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"పదిహేడేళ్ళుగా నా ఉప్పు తింటున్నావు."

"ఉప్పు నీ ఒక్కదానిదే తిన్నానా? నీకంటే ముందు అగాథా ఫారోది తిన్నాను," అంది బ్రైడీ, తాడు గట్టిగా లాగుతూ. "ఆవిడకు కూడా ఇలాగే గౌను బిగించాను. అప్పుడు చీటీ వెళ్ళింది నీ గదికి."

లియోనోరా అద్దంలోంచి ఆమెను చూసింది.

"ఆ రాత్రి నీకు మాట రాలేదు, గుర్తుందా? నోరు తెరిచావు, గుటక మింగావు. ఆపైన ఎవరో అందించారు."

"బిగ్స్ అందించాడు."

"బిగ్స్ ఎప్పుడైనా కుడివైపే కూర్చుంటాడు తల్లీ. నీకు మాట వచ్చింది ఎటునుంచి? ఎడమ చెవిలోకి కదా?"

గదిలో గ్యాసు మంట సన్నగా బుసకొడుతోంది. లియోనోరాకు ఆ రాత్రి అంతా కళ్ళకు కట్టింది. ఎడమవైపే. మెత్తటి, కాస్త బొంగురుపోయిన గొంతు. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అటువైపు ఎవరున్నారా అని ఆలోచించలేదు.

"ఆవిడ వేషం అప్పటికే అయిపోయింది. శాలువా కప్పుకుని పక్కతెర చాటున నిలబడింది, నేను వెనకే ఉన్నాను. ఇంకో నిమిషం ఊరుకుంటే నీ పని అయిపోయేది, ఆవిడ మాట ఆవిడకు తిరిగొచ్చేది. అయినా ఆవిడే నీకు మాట అందించింది. ఎందుకమ్మా అని అడిగితే, పిల్ల మీద కోపం ఉంది గాని నాటకం మీద లేదు అంది. తర్వాత ఆవిడకు ఎవరు వేషమిచ్చారు? అద్దె గదిలో పడి ఉండేది. నువ్వు ఒక్క కార్డు ముక్క రాశావా?"

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఒట్టు వేయించుకుంది. పోయిన చలికాలం ఆవిడే పోయింది. ఇంక ఆ ఒట్టుతో నాకేం పని?" బ్రైడీ చివరి ముడి వేసి, కత్తెరతో తాడు కొసలు కత్తిరించింది. "లే. ఎనిమిదింపావు అయింది."

లియోనోరా లేచింది. సిగ్గేసింది. ఆ సిగ్గు పక్కనే కోపం కూడా ఏమాత్రం తగ్గకుండా ఉంది. ఆ అగాథా ఫారో మంచితనం తన నెత్తిన ఇప్పుడెందుకు పడాలి? ఆవిడకు దక్కిందేమిటి, ఒక అద్దె గది. తలుపు తట్టి రావడానికి ఇంకా పావుగంట ఉంది. నడవలోకి వచ్చింది. కోరా గది ముందు ఆగింది. చెయ్యి ఎత్తింది కూడా. ఇంతలో లోపల్నుంచి ఆమోస్ గొంతు, ధైర్యం చెబుతూ, అమ్మాయిని బుజ్జగిస్తూ వినబడింది. చెయ్యి దించేసింది.

నాటకం నడిచింది. నడవడమేమిటి, పరుగెత్తింది. మొదటి అంకానికి హాలు వేడెక్కింది, రెండో అంకంలో తల్లిగా లియోనోరా కొడుకు కోటు మడతపెట్టే చోట పై వరసల్లో ముక్కు చీదుళ్ళు వినబడ్డాయి. కోరా మాత్రం ఆమె కళ్ళలోకి చూడకుండా భుజం మీంచి చూస్తూ మాట్లాడుతోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మళ్ళీ మరిచిపోయింది.

మూడో అంకం చివరికి వచ్చింది. కోరా దీపం తెచ్చింది. గాజు చిమ్నీ చిన్నగా గలగలలాడింది, ముందు వరసవాళ్ళకు వినబడే ఉంటుంది. కిటికీలో పెట్టింది. లియోనోరా మెట్ల పక్క కొయ్య కమ్మీ పట్టుకుని ఎక్కసాగింది. ఒకటి, రెండు, మూడు. ఇక్కడినుంచి ఆగకుండా పైకి పోవాలి. ఆమె కాలు నాలుగో మెట్టు కోసం లేచింది.

వెనక మాట రాలేదు.

కాలు దించుకుంది. తిరగకుండానే విన్నది. హాలు మొదట ఊపిరి బిగించి ఎదురుచూసింది. తర్వాత ఎవరో కుర్చీలో కదిలారు. కుడివైపు నుంచి బిగ్స్ మాట అందించాడు. ఫలితం లేదు. రెండోసారి కాస్త గట్టిగా అందించాడు. బాల్కనీలో ఒకడు దగ్గాడు, ఇంకొకడు దానికి జతగా దగ్గాడు.

లియోనోరా మెల్లగా తల తిప్పింది. కోరా కిటికీ దగ్గర కొయ్యలా నిలబడి ఉంది. నోరు తెరిచే ఉంది. కళ్ళు మాత్రం జనంవైపు లేవు, బిగ్స్ వైపు లేవు. మెట్ల మీదున్న ఆమెనే చూస్తున్నాయి, తలుపు అవతల నిలబడి తట్టుడు కోసం చెవి ఒగ్గినట్టు. తాడు దగ్గర మనిషి తెర దించాలో వద్దో తెలియక పక్కతెర చాటు నుంచి ఆమోస్ వైపు చూశాడు. ఆమోస్ మొహం తెల్లబోయి ఉంది. ఆ మొహాన్ని అలా చూడాలని లియోనోరా సాయంత్రం నుంచీ కోరుకుంటోంది.

మాట ఆమె నాలుక మీద ఉంది. ఇక్కడినుంచి, ఈ మూడో మెట్టు మీదినుంచి, అద్దం ముందు వంద రకాలుగా అనుకున్న మాట. అంటే తెర తన మొహం మీద పడుతుంది. ఎవరూ తప్పుపట్టలేరు, నాటకాన్ని కాపాడిందంటారు. ఆ పిల్లను రేపటినుంచి ఎవరూ పిలవరు. లేదా వేలి కణుపులతో ఈ కమ్మీ మీద మూడుసార్లు తడితే చాలు. అది ఆ పిల్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. రేపు పత్రికలన్నీ కోరా లిండ్ పేరుతో నిండిపోతాయి. తను పైకి వెళ్ళిపోయిన తల్లి, అంతే. ఎడమవైపు పక్కతెర చాటున శాలువా కప్పుకుని బ్రైడీ నిలబడి ఉంది. ఆమె ఏమీ సైగ చేయలేదు. ఊరికే చూస్తోంది.

బాల్కనీలో మొదటి నవ్వు వినబడింది.

లియోనోరా కమ్మీ వదిలింది. వెనక్కి తిరిగి, మూడో మెట్టు మీంచి ఒక మెట్టు కిందికి, కోరా వైపు దిగింది. అలా దిగడం ఎవరి కాగితాల్లోనూ లేదు. మిగతాది వచ్చే వారం.